టెక్ సందేహాలు: ఐదు సర్వర్లకు ఒకే పెత్తనం

ప్రశ్న: మాది తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. కళాశాలల ఫీజుల అప్లికేషన్‌ను వైల్డ్‌ఫ్లై (జావా అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ మీద నడుపుతున్నాం. తిరుపతిలో మూడు, చిత్తూరులో రెండు యంత్రాలున్నాయి. ప్రతి మార్పునూ ఐదు చోట్లా చేయలేక, ఒక కేంద్ర యంత్రం నుంచే అన్నిటినీ నిర్వహించే డొమైన్ మోడ్‌కు మారాం. కానీ నిర్వహణకు వాడే కన్సోల్‌లో కేంద్ర యంత్రం ఒక్కటే కనిపిస్తోంది, మిగిలిన నాలుగూ చేరడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు కొత్తగా ఏమీ మార్చకపోయి ఉంటే, కేంద్ర యంత్రం తన మేనేజ్‌మెంట్ చిరునామాను 127.0.0.1 గానే ఉంచుకుని ఉంటుంది. అంటే అది తన మాట తానే వింటుంది తప్ప బయటి యంత్రాలకు తలుపు తీయదు. భద్రత కోసం వైల్డ్‌ఫ్లై మొదట అలాగే వస్తుంది. జేబాస్.బైండ్.అడ్రస్.మేనేజ్‌మెంట్ అనే విలువకు మీ అంతర్గత నెట్‌వర్క్ చిరునామాను ఇచ్చి, మేనేజ్‌మెంట్‌కు వాడే 9990 పోర్టును ఆ నాలుగు యంత్రాలకు మాత్రమే ఫైర్‌వాల్‌లో తెరవండి. తొందరపడి 0.0.0.0 (అన్ని నెట్‌వర్క్‌ల నుంచీ వినమని చెప్పే చిరునామా) ఇచ్చి పోర్టును ఇంటర్నెట్‌కు వదిలేయడం కన్నా ఇప్పుడున్న ఇబ్బందే నయం. చిత్తూరు యంత్రాలను వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సురక్షిత దారి) మీదుగానే కలపండి.

ఆ నాలుగు యంత్రాలకూ కేంద్రం చిరునామా చెప్పాలి. ఈ అమరికను పాత వెర్షన్లలో మాస్టర్ అనీ, కొత్త వాటిలో ప్రైమరీ అనీ పిలుస్తారు కాబట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన పాత ఉదాహరణను ఉన్నదున్నట్టు దించుకుంటే పనిచేయకపోవచ్చు. తరువాత కేంద్రంలో యాడ్-యూజర్ స్క్రిప్టుతో ఒక్కో యంత్రానికి ఒక్కో మేనేజ్‌మెంట్ యూజర్‌ను సృష్టించి, ఆ వివరాలను ఆయా యంత్రాల్లో నమోదు చేయండి.

ఇంతవరకూ సరిగ్గా చేసినా చిత్తూరు యంత్రాల్లో ఒకటే చేరి రెండోది తిరస్కరణకు గురైతే, ఆ రెంటికీ ఒకే పేరు ఉందేమో చూడండి. వర్చువల్ మెషీన్‌ను కాపీ చేసి రెండోదాన్ని తయారు చేసినవారికి ఇది తరచూ ఎదురవుతుంది. హోస్ట్ పేరు విడిగా ఇవ్వకపోతే యంత్రం పేరునే సర్వర్ తీసుకుంటుంది, ఒక పేరుతో ఇద్దరిని కేంద్రం చేర్చుకోదు.

తిరుపతివారికి దిట్టం అంటే వివరించనక్కరలేదు. ప్రసాదంలో ఏ సరుకు ఎంత పడాలో దిట్టంలో ఉంటుంది, వంట పోటులో, అంటే ఆలయ వంటశాలలో, జరుగుతుంది. డొమైన్.ఎక్స్‌ఎంఎల్ ఫైలు అలాంటి దిట్టమే. ప్రొఫైళ్లు (సర్వర్ల సెట్టింగుల సమూహాలు), సర్వర్ గ్రూపులు (ఒకే అప్లికేషన్లు నడిపే సర్వర్ల జట్లు), పోర్టుల అమరిక అందులో ఉంటాయి. ఏ యంత్రం మీద ఎన్ని సర్వర్లు నడవాలో మాత్రం ఆయా యంత్రాల్లోని వైల్డ్‌ఫ్లై హోస్ట్ ఫైలు చెబుతుంది. ఒకే యంత్రం మీద రెండు సర్వర్లు నడపదలిస్తే రెండోదానికి పోర్ట్ ఆఫ్‌సెట్ (పోర్టు నంబర్లకు కలిపే అంకె) ఇవ్వాలి. ఆఫ్‌సెట్ 150 అయితే 8080 కాస్తా 8230 అవుతుంది. కేంద్ర యంత్రం మీద అప్లికేషన్ సర్వర్లను నడపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెత్తనానికి చిన్న యంత్రం చాలు.

ఇకపై వార్ ఫైలును (అప్లికేషన్ మొత్తాన్ని ఒకటిగా కట్టిన ఫైలు) డిప్లాయ్‌మెంట్స్ ఫోల్డర్‌లో పడేసే అలవాటు మానుకోవాలి. డొమైన్ మోడ్‌లో ఆ ఫోల్డర్‌ను గమనించే స్కానర్ ఉండదు. కన్సోల్ నుంచో కమాండ్ లైన్ నుంచో సర్వర్ గ్రూపుకు డిప్లాయ్ చేస్తే, కేంద్రమే ఆ ఫైలును ఆ గ్రూపులోని సర్వర్లకు చేరవేస్తుంది. తిరుపతి, చిత్తూరు యంత్రాలను రెండు గ్రూపులుగా పెట్టుకుంటే ముందు ఒక ఊళ్లో పరీక్షించి తరువాత రెండో ఊరికి పంపవచ్చు.

ప్రశ్న: కేంద్రం ఆగిపోతే అన్ని సర్వర్లూ ఆగిపోతాయా? (చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆగవు. నడుస్తున్న సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, మార్పులు చేయడం మాత్రమే వీలుపడదు. అయితే కేంద్రం అందుబాటులో లేని సమయంలోనే చిత్తూరులో కరెంటు పోయి వస్తే, ఆ యంత్రం దిట్టం కోసం కేంద్రాన్ని వెతుక్కుని, దొరక్క ఆగిపోతుంది. అందుకే ఆ యంత్రాలను బ్యాకప్, క్యాష్డ్-డీసీ అనే ఆప్షన్లతో ప్రారంభించండి. అప్పుడు అవి చివరిసారి అందుకున్న కాపీతోనే లేస్తాయి. కేంద్రంలోని కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌ను రోజూ వేరే యంత్రానికి కాపీ చేసి ఉంచడం కూడా మరవకండి.