బల్లారాట్‌కి ఒక రోజంతా ఇవ్వండి

ప్రశ్న: జూన్‌లో మేమిద్దరం మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అబ్బాయి, కోడలు ఇద్దరూ ఆఫీసులకి వెళ్లిపోతారు, రోజంతా ఇంట్లో కూర్చోవడం మావారి వల్ల కాదు. దగ్గర్లో బల్లారాట్ అని పాతకాలం ఊరు ఉందట. మేమిద్దరమే రైల్లో వెళ్లి రాగలమా? మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, పైగా నాకు మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: నిశ్చింతగా వెళ్లి రండమ్మా. బల్లారాట్ మెల్‌బోర్న్‌కి పడమరగా సుమారు 115 కిలోమీటర్లు. సదరన్ క్రాస్ స్టేషన్‌లో వి-లైన్ రైలెక్కితే దాదాపు గంటన్నర ప్రయాణం, మధ్యలో మారే పని లేదు. సిటీలో తిరగడానికి అబ్బాయి మీకు కొనిచ్చే మైకీ కార్డే ఈ రైలుకీ పనికొస్తుంది. 2023 మార్చి నుంచి ఊళ్లకి వెళ్లే రైళ్లలో కూడా రోజుకి మెల్‌బోర్న్ సిటీ టికెట్టు ధర కన్నా ఎక్కువ తీసుకోవడం లేదు, కాబట్టి ఖర్చు గురించి కూడా టెన్షన్ అక్కర్లేదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు తాకించడం మాత్రం మర్చిపోకండి.

చాలామంది మనవాళ్లు కార్లో పదకొండింటికి చేరి, సావరిన్ హిల్ ఒక్కటీ చూసేసి, ఫొటోలు దిగి, మూడింటికల్లా వెనక్కి తిరుగుతారు. అది నాకు బాధనిపిస్తుంది. సావరిన్ హిల్ బాగుంటుంది, కాదనను, కానీ అది 1850ల నాటి బంగారు గనుల ఊరు ఎలా ఉండేదో చూపించడానికి కట్టి 1970లో తెరిచిన మ్యూజియం. అసలు ఊరు స్టేషన్ గుమ్మంలోనే మొదలవుతుంది. బయటికి రాగానే లిడియార్డ్ స్ట్రీట్, బంగారం డబ్బుతో కట్టిన బ్యాంకులు, హోటళ్లు, 1875 నాటి హర్ మెజెస్టీస్ థియేటరు, అన్నీ ఆ ఒక్క వీధిలోనే, మెల్లగా నడుచుకుంటూ చూసేయొచ్చు. ఆ వీధిలోనే 1884లో మొదలైన ఆర్ట్ గ్యాలరీ ఉంది, మామూలుగా చూడ్డానికి టికెట్టు లేదు, కూర్చోవడానికి బెంచీలుంటాయి, మీ మోకాళ్లకి కాస్త విశ్రాంతి. లోపల యూజీన్ వాన్ గెరార్డ్ వేసిన పాత బల్లారాట్ బొమ్మ ముందు కాసేపు నిలబడండి. ఆయన కూడా 1853లో బంగారం కోసం అక్కడ తవ్వినవాడే, ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ డేరాలనీ, మట్టి గుట్టలనీ మళ్లీ గీశాడు. అది చూసి బయటికొస్తే ఆ డేరాల చోట ఇంత ఊరు ఎలా లేచిందో కళ్లకి కడుతుంది.

ఆ తర్వాత బస్సులోనో టాక్సీలోనో సావరిన్ హిల్‌కి వెళ్లండి, రెండు కిలోమీటర్లకి అటూ ఇటూ. అక్కడ వీధులు ఎగుడుదిగుడు, గనిలోకి దిగాలంటే మెట్లుంటాయి, మీ సంగతి కౌంటర్లో ముందే చెప్పండి. కొన్ని రోజులు మూసి ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు అబ్బాయిని వెబ్‌సైట్ చూడమనండి.

అక్కడ జూన్, జూలై నడి చలికాలం. బల్లారాట్ 400 మీటర్ల పైన ఎత్తులో ఉంది, జూలైలో పట్టపగలు కూడా 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది, మన సంక్రాంతి శాలువాలు ఏ మూలకీ చాలవు. అయిదున్నరకల్లా చీకటి పడుతుంది, అందుకని పొద్దున్నే బయల్దేరండి. పులిహోర డబ్బాలో పెట్టుకెళ్తే మధ్యాహ్నం తిండికి వెతుక్కునే పని ఉండదు. ఇక్కడి నుంచి ఆవకాయ, పూతరేకులు తీసుకెళ్తుంటే మాత్రం విమానంలో ఇచ్చే కార్డు మీద తిండి వస్తువులున్నాయని తప్పకుండా రాయండి, దాచిపెడితే జరిమానా పడుతుంది.

ప్రశ్న: హిస్టరీ చెప్పి రిటైరైనవాణ్ని. బల్లారాట్‌లో యురేకా తిరుగుబాటు జరిగిందని చదివాను. అది దేని గురించి? ఇప్పుడు చూడ్డానికి ఏముంది?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, ధవళేశ్వరం ఆనకట్ట పని పూర్తయింది 1852లో కదా, దానికి ముందు ఏడాదే, 1851లో, బల్లారాట్‌లో బంగారం బయటపడింది. అది వాదవురుంగ్ అనే ఆదివాసీల నేల. ఏడాది తిరగకుండా వేలమంది వచ్చి పడ్డారు. ప్రభుత్వం ప్రతి మనిషికీ నెలకి 30 షిల్లింగుల లైసెన్సు పెట్టింది, బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. పండినా ఎండినా శిస్తు కట్టమంటే ఎలా ఉంటుందో కోనసీమ రైతు ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. పైగా పోలీసులు గుంటల దగ్గరికి వచ్చి కాగితం చూపించమని వేధించేవారు, వీళ్లకేమో ఓటు లేదు.

1854 నవంబరు చివర్లో బేకరీ హిల్ మీద లైసెన్సులు తగలబెట్టి, పీటర్ లేలర్ అనే ఐరిష్ మనిషి నాయకత్వంలో యురేకా అనే చోట కర్రలతో దడి కట్టుకుని కూర్చున్నారు. డిసెంబరు 3, ఆదివారం, తెల్లవారకముందే సైనికులు మీద పడ్డారు. అరగంట కూడా పట్టలేదు. ఇరవై మందికి పైగా తవ్వకందార్లు పోయారు, లేలర్ ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. కానీ తర్వాత జరిగింది చూడండి: రాజద్రోహం కేసు పెట్టిన 13 మందినీ మెల్‌బోర్న్ జ్యూరీలు వదిలేశాయి, 1855లో ఆ లైసెన్సు పోయి ఏడాదికి ఒక పౌండు రుసుము వచ్చింది, దానితో పాటు ఓటూ వచ్చింది, లేలర్ చట్టసభకి వెళ్లి కొన్నేళ్లకి స్పీకర్ కూడా అయ్యాడు.

ఇదంతా గెలుపు కథగానే చెప్పడం నాకు ఒప్పుదల కాదు. అదే 1855లో ఓడ దిగే ఒక్కో చైనీయుడి మీద 10 పౌండ్ల పన్ను వేశారు. అది తప్పించుకోవడానికి వాళ్లు పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాలో రోబ్ అనే రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకి వచ్చారు. సావరిన్ హిల్‌లో వాళ్ల డేరాలు, గుడి ఉన్నాయి, అటు కూడా వెళ్లండి.

చూడాల్సింది యురేకా సెంటర్. ఆనాడు తవ్వకందార్లు ఎగరేసిన జెండా అక్కడే ఉంది, నీలం గుడ్డ మీద తెల్ల శిలువ, అయిదు నక్షత్రాలు. జ్ఞాపకంగా ఉంచుకోవాలని జనం ముక్కలు కత్తిరించుకుపోగా మిగిలింది అది, అంచులు చూస్తే తెలిసిపోతుంది. వెలుతురుకి గుడ్డ పాడవకుండా గదిని మసకగా ఉంచుతారు, కళ్లు అలవాటు పడేదాకా ఆగి చూడండి.

ప్రశ్న: సావరిన్ హిల్ వాగులో దొరికిన బంగారం మనమే ఉంచుకోవచ్చట, నిజమేనా? పిల్లలు ఒకటే గొడవ.
– ఒక తల్లి, భీమవరం

జవాబు: నిజమేనమ్మా. పళ్లెంలో కంకర ఎత్తి, నీళ్లలో వంచి తిప్పుతూ మట్టినీ ఇసకనీ కొంచెం కొంచెంగా పోనివ్వాలి, బరువుకి బంగారం అడుగునే ఉండిపోతుంది. పిల్లలు తొందరపడి గట్టిగా ఊపితే అది కూడా నీళ్లలో పోతుంది. దొరికేది ఆవగింజలో పదో వంతు రేణువు, చిన్న సీసా ఒకటి కొనుక్కుంటే అందులో వేసుకోవచ్చు. 1858లో అదే ఊళ్లో 69 కిలోల ముద్ద దొరికిందని వాళ్లకి చెప్పండి. బయట వాగుల్లో, అడవుల్లో వెతకాలంటే మాత్రం మైనర్స్ రైట్ అనే పర్మిట్ ఉండాలి, అది లేకుండా ఎక్కడా పార వెయ్యనివ్వకండి.