పలుకుబడి ఉన్న ఫ్యాక్టరీ, నీటి శుద్ధి ఖర్చు

ప్రశ్న: పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. యజమానికి పార్టీ పెద్దల అండ ఉంటే కాలుష్య నివారణకు పెట్టే ఖర్చు తగ్గుతుందా? బయటివాళ్లకు తెలిసే దారుందా?
– ఒక పాఠకుడు, రణస్థలం

జవాబు: అండ ఉన్న ప్రతి కంపెనీ ఎగ్గొడుతుందని చెప్పలేం. దీని మీద చైనాలో చాలా పరిశోధన జరిగింది. ఫలితాలు రెండు వైపులా వచ్చాయి. తనిఖీ భయం పోయి ఖర్చు కోసినవి కొన్ని, అధికారుల మెప్పు కోసం, రుణాల కోసం ఎక్కువ పెట్టినవి కొన్ని.

మన దగ్గర చూడాల్సింది ఏ ఖర్చన్నదే. శుద్ధి ప్లాంటు కట్టడం అందరికీ కనబడుతుంది, నాయకుణ్ని పిలిచి రిబ్బను కోయిస్తారు. కోత పడేది నడిపే ఖర్చులో. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలం నుంచి స్ట్రిప్పర్‌లో (వేడితో విడదీసే పరికరం) సాల్వెంట్లు, అంటే ద్రావకాలు తీసి, తర్వాత ఎంఈఈలో (నీటిని అంచెలంచెలుగా మరిగించి ఉప్పును మిగిల్చే యంత్రం) ఆవిరి చేయాలి. దానికి స్టీము కావాలి, స్టీముకు బాయిలర్ మండాలి. రాత్రిపూట ఎంఈఈ ఆపేసి ఆ నీటిని మామూలు నీటితో పలచన చేస్తే సీఓడీ (నీటిలో రసాయన కాలుష్యం ఎంతో చెప్పే కొలత) అంకె దిగుతుంది కానీ, ఉప్పు ఎక్కడికీ పోదు. బయటికి వదిలితే చుట్టుపక్కల బోర్లు చెడతాయి. తనిఖీ ఎప్పుడొస్తుందో ముందే కబురందే చోట ఇది సులువు. అండ వల్ల అసలు నష్టం ఇక్కడే.

అందుకే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. మూడేళ్లవి అడగండి: ఏటా సెప్టెంబరు 30లోపు ఇచ్చే ఫారం-5 (కంపెనీ మండలికి ఇచ్చే) పర్యావరణ నివేదిక, శుద్ధి ప్లాంటుకు విడిగా మీటరుంటే దాని నెలవారీ రీడింగులు, పరవాడ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపిన ఉప్పు, బురదల మ్యానిఫెస్టులు (వ్యర్థాల రవాణా పత్రాలు). ఉత్పత్తి పెరిగి, కరెంటు యూనిట్లూ ఉప్పు టన్నులూ తగ్గాయంటే కారణం రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తులో మాత్రం ‘కాలుష్యం ఉందా?’ అని అడగొద్దు, అభిప్రాయాలకు జవాబివ్వరు. ఫలానా కాగితం నకలు కావాలని రాయండి.

ప్రశ్న: కంపెనీ ఊళ్లో మొక్కలు నాటించి, మంచినీళ్ల ప్లాంటు పెట్టింది. అది పర్యావరణ ఖర్చు కాదా?
– ఒక పాఠకురాలు, పూసపాటిరేగ

జవాబు: అది సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చు కావచ్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర లాభం 5 కోట్ల రూపాయలు, అంతకు మించి ఉంటే మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం పెట్టాలి. ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి మాత్రం సొంత వ్యాపార బాధ్యత, సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. పార్టీ విరాళమూ రాదు. విరాళం సంగతి కావాలంటే లాభనష్టాల ఖాతా చూడండి: పార్టీ పేరు దాచుకునేలా 2017లో చేసిన సవరణను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది.