సంస్థానం ‘జిల్లాగా మారింది’ అనవచ్చా?

సందేహం: నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ గురించి ‘బస్తర్ అనే రాచరిక రాష్ట్రం జిల్లాగా మారింది’ అని ఒకచోట చదివాను. విజయనగరం సంస్థానం కూడా జిల్లాగా మారిందని రాస్తున్నారు. ఈ ప్రయోగాలు సరైనవేనా?

సమాధానం: ముందు ‘రాచరిక రాష్ట్రం’ సంగతి. అది ‘ప్రిన్స్‌లీ స్టేట్’ అనే ఇంగ్లీషు మాటను ముక్కకు ముక్క పేర్చిన అనువాదం. ఆనాటి తెలుగువాళ్ల మాట ‘స్వదేశ సంస్థానం’. చిక్కంతా ‘సంస్థానం’తోనే. తెలుగులో ఇది చాలా ఉదారమైన మాట. బ్రిటిషువారితో ఒప్పందాలున్న బస్తర్, పుదుక్కోట, బనగానపల్లె సంస్థానాలే; మద్రాసు ప్రభుత్వానికి పేష్కషు (ఏటా చెల్లించే కప్పం) కట్టిన విజయనగరం, పిఠాపురం జమీందారీలూ సంస్థానాలే; నిజాముకు లోబడిన గద్వాల, వనపర్తీ సంస్థానాలే. మాట ఒకటే, హోదాలు మూడు. అందుకే మొదటి ప్రస్తావనలో ‘జమీందారీ’ అనో ‘స్వదేశ సంస్థానం’ అనో తేల్చి చెప్పాలి.

ఇక ‘-గా మారింది’. పాలు పెరుగుగా మారాయంటే ఆ పాలే ఈ పెరుగు. విజయనగరానికి ఇది కుదరదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. జిల్లా 1979 జూన్ 1న, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల భాగాలతో ఏర్పడింది. నడుమ ముప్పై ఏళ్ల ఎడముంది, ఎల్లలూ అవి కావు. ‘విజయనగరం కేంద్రంగా జిల్లా ఏర్పడింది’ అంటే సరిపోతుంది.

బస్తర్‌కు ‘మారింది’ చాలావరకు నప్పుతుంది కానీ పూర్తిగా కాదు. 1948 జనవరి 1న అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ రాష్ట్రంలో విలీనమైనప్పుడు పక్కనున్న కాంకేర్ సంస్థానాన్నీ కలిపి ఒకే జిల్లా చేశారు. కాబట్టి ‘బస్తర్, కాంకేర్ సంస్థానాలు కలిసి బస్తర్ జిల్లా అయ్యాయి’ అనడం నిర్దుష్టం. కేరళను మించిన ఆ జిల్లా 1998లో మూడైంది; 2007, 2012 విభజనల తర్వాత ఏడైంది. నేటి బస్తర్ జిల్లా జగదల్‌పూర్ చుట్టుపట్ల మిగిలిన ముక్క మాత్రమే. తెలుగు వినిపించే భోపాలపట్నం ఇప్పుడు బీజాపూర్ జిల్లాలోది, కుంట సుక్మాలోది. 1960 నాటి సంగతి రాస్తూ ‘బస్తర్ జిల్లాలోని భోపాలపట్నం’ అంటే తప్పులేదు. నేటి సంగతికి అదే వాక్యం తప్పు. ‘ఉమ్మడి బస్తర్ జిల్లా’ అంటే ఆ గొడవ ఉండదు.

‘మాజీ సంస్థానం’ అనడం నాకు రుచించదు. మంత్రికి, సర్పంచికి ‘మాజీ’ అతుకుతుంది. నేలకు ‘పూర్వపు’ చాలు.