ఇంటిపన్ను మీద ఇంకో 3 శాతమా?

ప్రశ్న: బోస్టన్ దగ్గర ఉండే మా మేనల్లుడు, అక్కడ పాత కట్టడాలనీ పార్కులనీ కాపాడటానికి ఇంటిపన్నుతో పాటు అదనంగా కొంత కడతామని చెప్పాడు. ఇక్కడ చూస్తే చెరువు గట్లు కబ్జా అవుతున్నాయి, పాత పెంకుటిళ్ళు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. మా మున్సిపాలిటీ కూడా హోల్డింగ్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటిపన్ను) మీద అలా వేస్తే బాగుంటుందంటే, ఉన్న పన్నే కట్టలేక చస్తున్నామని మా వీధివాళ్ళు నా మీదికి లేచారు. నేనన్నది తప్పా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: తప్పేం కాదమ్మా. మీ మేనల్లుడు చెప్పింది అమెరికాలో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రం సంగతి. అక్కడ 2000లో కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, అక్కడున్న 351 ఊళ్ళలో సగానికి పైగా దాన్ని ఒప్పుకున్నాయి. అదనం 3 శాతం దాటకూడదు, అదీ ఇంటి విలువలో కాదు, కట్టే పన్నులో. మీ వీధివాళ్ళకి ముందు ఈ లెక్క చెప్పండి: ఏడాదికి 2,000 రూపాయలు కట్టే ఇంటికి మహా అయితే 60 రూపాయలు. పేదవాళ్ళకి మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

కానీ నాకు నచ్చింది ఆ శాతం కాదు, డబ్బుకి వేసిన తాళం. ఊరి జనం ఓటేసి ఒప్పుకుంటేనే పన్ను పడుతుంది (బోస్టన్ 2016లో 1 శాతానికి ఒప్పుకుంది). వచ్చిందంతా విడి నిధిలో ఉంటుంది, ఏటా పార్కుల్లాంటి ఖాళీ స్థలాలకి, చారిత్రక కట్టడాలకి, అందుబాటు ధర ఇళ్ళకి కనీసం 10 శాతం చొప్పున కేటాయించాలి. ఏ పనికి ఎంతివ్వాలో 5 నుంచి 9 మంది ఉండే కమిటీ సిఫారసు చేస్తుంది, కౌన్సిల్ దాన్ని తగ్గించొచ్చు, కాదనొచ్చు, అంతేగాని కమిటీ చెప్పని పనిని తనంతట తాను ఇరికించలేదు. పైగా ఆస్తి పత్రాలు రిజిస్టర్ చేసేటప్పుడు వసూలు చేసే రుసుములోంచి రాష్ట్రం కూడా కొంత కలుపుతుంది.

ఆ తాళం లేకపోతే ఏమవుతుందో పక్కనే చూడొచ్చు. ఆంధ్రలో ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది, జనం కడుతూనే ఉన్నారు, అయినా మున్సిపాలిటీలు ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకి ఇవ్వకుండా బకాయి పెట్టాయని పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు! పుస్తకాల కోసమని కట్టిన డబ్బు అది, నాకు నిజంగా కడుపు మండిపోతుంది.

ఇంకో సంగతి, మున్సిపాలిటీ తనకి తోచినట్టు కొత్త పన్ను వేయలేదు. రాజ్యాంగం 243ఎక్స్ అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టంతో అధికారం ఇవ్వాలి, కాబట్టి ఈ విషయం మీ ఎమ్మెల్యే దాకా వెళ్ళాల్సిందే. వెళ్ళేముందు చేతిలో కాగితం ఉండాలి. గత మూడేళ్ళలో హోల్డింగ్ ట్యాక్స్ ఎంత వచ్చింది, అందులో చెరువులకెంత పెట్టారు అని మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి, ఫీజు 10 రూపాయలే. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అంకెలు వచ్చాక మీ వీధివాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టండి, 60 రూపాయల మాట అప్పుడు ఎత్తితే వింటారు.