నా స్వభావానికి 91 వచ్చిందట!

ప్రశ్న: మాది హిందూపురం, మావారిది నెల్లూరు. పెళ్లై నాలుగేళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం, ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే. బాబుకు 7 నెలలు. అమ్మ కొన్నాళ్లుండి ఊరెళ్లిపోయింది, నేను మళ్లీ ఆఫీసులో చేరాను. రాత్రి బాబు మూడుసార్లు లేపుతున్నాడు. మావారి ఆఫీసులో ఎంబీటీఐ అని ఒక పర్సనాలిటీ టెస్ట్ పెట్టారు. ఆయనకు ‘ఐఎస్‌టీజే’ అనే టైపు వచ్చింది. బాధ్యత గలవాడు, మాట మీద నిలబడేవాడు అని అందులో రాసుంది. నన్నూ ఏదైనా టెస్ట్ రాయమంటే నెట్‌లో 120 ప్రశ్నల బిగ్ ఫైవ్ టెస్ట్ రాశాను. న్యూరోటిసిజం (ఆందోళన పడే గుణం) 91, ఎగ్రీయబుల్‌నెస్ (ఇతరులతో సర్దుకుపోయే గుణం) 24 వచ్చాయి. రిపోర్టు జత చేస్తున్నాను. అప్పట్నుంచి నేనేం మాట్లాడినా “నీది 91 కదా, అందుకే ఇలా” అంటున్నారు. వాళ్లక్కకు స్క్రీన్‌షాట్ కూడా పంపారు. ఆవిడ ఫోన్ చేసి ధ్యానం చేయమంది. బాబుకు జ్వరం వచ్చిన రోజు ఆయన రాత్రి పదింటికి ఇల్లు చేరారు, గట్టిగా అడిగితే అప్పుడూ అదే మాట. మొన్న గొడవలో “జాతకాలు చూసినవాళ్లు ఇది చూసుండాల్సింది, మన టైపులు కలవవు” అన్నారు. నాకు నిజంగా జబ్బేమైనా ఉందా? స్వభావం ఇక మారదా? మేం ఒకరికొకరం సరిపోమా? – ఒక సోదరి, బెంగళూరు

జవాబు: జబ్బు సంగతి ముందు చెప్తాను, మిమ్మల్ని నిద్ర పోనివ్వనిది అదే అనిపిస్తోంది. ఆ 91 జబ్బు పేరు కాదు. మీరు రాసిన టెస్ట్ జబ్బును పట్టుకోవడానికి తయారైంది కానే కాదు. ఆందోళన, కలుపుగోలుతనం, పని శ్రద్ధ, కొత్తవాటి మీద ఆసక్తి, ఇతరులతో సర్దుకుపోయే గుణం – ఈ ఐదూ ప్రతి మనిషిలో ఎంతోకొంత ఉంటాయి. ఒక్కొక్కటి మీలో ఏ పాళ్లలో ఉన్నాయో అది చెబుతుంది, అంతే. మానసిక వ్యాధుల అంచనాకు వాడే పరీక్షలు వేరే ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టి 1943లో అచ్చయిన ఎంఎంపీఐ అలాంటిదే. దాని తర్వాతి రూపంలో అవును, కాదు అని జవాబివ్వాల్సిన ప్రశ్నలు 567 ఉంటాయి. అన్ని ప్రశ్నలు రాయించినా సరే, క్లినికల్ సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని మాట్లాడి, ఇంటి పరిస్థితులు తెలుసుకున్నాకే ఏదైనా చెబుతారు. ఫోన్‌లో పావుగంట నొక్కితే వచ్చిన అంకెను పట్టుకుని మీకు జబ్బుందని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మీవారికి లేదు, మీ ఆడపడుచుకూ లేదు.

ఇక ఆ 91 ఏమిటో చూద్దాం. మీరిద్దరూ దాన్ని నూటికి 91 మార్కులు అన్నట్టు చదువుతున్నారు. అది పర్సంటైల్. జేఈఈ మెయిన్‌లో 91 పర్సంటైల్ వచ్చిన పిల్లాడు నూటికి 91 శాతం జవాబులు సరిగ్గా రాశాడని ఎవరూ అనుకోరు. అతనికన్నా తక్కువ వచ్చినవాళ్లు సుమారుగా నూటికి 91 మంది ఉన్నారని అర్థం. మీ అంకె కూడా అంతే. పోలిక కోసం తీసుకున్న జనంలో నూటికి 91 మంది, ఆందోళన గురించి మీకన్నా తక్కువగా చెప్పుకున్నారు. ఆ జనం ఎవరన్నది రిపోర్టులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. ఎక్కడెక్కడివాళ్లో నెట్‌లో సరదాకి రాసిన జవాబులతో మిమ్మల్ని పోలిస్తే ఒక అంకె వస్తుంది. చంటిబిడ్డను పెట్టుకుని ఉద్యోగం చేస్తున్న తల్లులతో పోలిస్తే ఇంకో అంకె వస్తుంది. మీ జవాబులు అవే ఉంటాయి, అంకె మాత్రం మారిపోతుంది.

120 ప్రశ్నల్ని ఐదు గుణాలకు పంచితే ఒక్కోదానికి 24 వస్తాయి. ఒక్కో గుణం కింద ఆరు చిన్న భాగాలుంటాయి, అంటే భాగానికి నాలుగే ప్రశ్నలు. ఆ నాలుగింటిలో ఒకదానికి ‘కొంతవరకు’ నొక్కాల్సిన చోట ‘పూర్తిగా’ నొక్కినా ఆ భాగం స్కోరు కదులుతుంది. అయినా పెద్ద అంకెకన్నా ఈ భాగాలే మీకు పనికొచ్చేవి, ఎందుకంటే మీ కథ ఉన్నది అక్కడే. మీరు పంపిన కాగితంలో న్యూరోటిసిజం కింద ‘ఆందోళన’, ‘ఒత్తిడికి తట్టుకోలేకపోవడం’ బాగా ఎక్కువ. ‘కోపం’ మాత్రం మధ్యస్థంగానే ఉంది. ఎగ్రీయబుల్‌నెస్ కింద ‘జాలి’, ‘సాయం చేసే గుణం’ చాలామందికన్నా ఎక్కువ. తగ్గినవి ‘మనుషుల మీద నమ్మకం’, ‘గొడవ లేకుండా సర్దుకుపోవడం’. అన్నీ కలిపేసరికి 24 తేలింది. ఆ 24 చూసి మీ ఆడపడుచు మీకు మంచితనం తక్కువ అనుకుని ఉండొచ్చు. నాకు కనిపిస్తున్న మనిషి వేరు. మనసు మెత్తన, చేయి సాయానికి ముందుంటుంది, కానీ ఈ మధ్య ఎదుటివాళ్ల మాట మీద నమ్మకం పోయింది, సర్దుకుని సర్దుకుని విసిగిపోయింది. ఆ నమ్మకం ఎందుకు పోయిందని మీవారు ఒక్కసారి అడిగి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదేమో.

ఆ టెస్ట్ మీరెప్పుడు రాశారో కూడా చూడండి. అమ్మ ఊరెళ్లాక, మళ్లీ ఆఫీసులో చేరాక, రాత్రి బాబు మూడుసార్లు లేపుతున్న రోజుల్లో. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ సంగతే. స్వభావ పరీక్షలు ‘మీరు మామూలుగా ఎలా ఉంటారు’ అని అడుగుతాయి. నెలల తరబడి కంటినిండా నిద్ర లేనివాళ్లకు ‘మామూలుగా’ అంటే ఆ నెలలే గుర్తొస్తాయి. ‘చిన్నదానికే కంగారు పడతాను’ అన్నదానికి ‘అవును’ నొక్కిందెవరు? పదేళ్లుగా మీ స్నేహితులెరిగిన మీరా, ఈ ఏడు నెలల మీరా? పెళ్లికి ముందు మిమ్మల్నెరిగిన ఒకరిద్దర్ని అడగండి, చెల్లెలైనా, హాస్టల్ రూమ్మేటైనా. “నేను ఎప్పుడూ ఇంతేనా?” అని అడిగితే వాళ్లు చెప్పేది ఆ 91కన్నా నమ్మదగ్గ సాక్ష్యం. ఎప్పుడూ ఇంతే అంటే అదీ తెలుసుకోవాల్సిందే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇలా ఉండేదానివి కాదు అంటే, కొలిచింది స్వభావం కాదు, పరిస్థితి.

అందుకే మీరు ఇప్పుడు చేయించుకోవాల్సిన పరీక్ష ఇంకొకటి. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటును గుర్తించడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరా స్కేలు అది. పదే ప్రశ్నలు, అదీ గడిచిన 7 రోజుల గురించి మాత్రమే. అది కూడా తీర్పు చెప్పదు, డాక్టరు మరింత లోతుగా చూడాలా వద్దా అన్నది తేలుస్తుంది. మీ గైనకాలజిస్టును అడగండి, లేదా నేరుగా బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వెళ్లండి. హోసూరు రోడ్డులో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలంటే బెరుకైతే, బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది, సలహాలకూ కౌన్సెలింగ్‌కూ అక్కడికి వెళ్లొచ్చు. బిడ్డతోపాటే తల్లిని చేర్చుకుని వైద్యం చేసే విభాగం కూడా నిమ్హాన్స్‌లో ఉంది. మీకు అంత అవసరం పడకపోవచ్చు, కానీ బాలింతల మనసు బాధను అక్కడ ఎంత పెద్ద విషయంగా చూస్తారో మీకు తెలియాలి. బతుకు మీద విరక్తి కలిగినా, బాబును ఏమైనా చేసేస్తానేమోనని భయం వేసినా తెల్లారేదాకా ఆగకండి, మీవారిని లేపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ స్కోరు 91 అయినా 19 అయినా, మీకు ఆందోళన ఎంత త్వరగా, ఎంత గట్టిగా వస్తుందో అంతే చెబుతుంది. దానికి కారణం న్యాయమైనదా కాదా అన్నది చెప్పదు. బాబుకు జ్వరం వచ్చిన రోజు మీవారు రాత్రి పదింటికి ఇల్లు చేరారని మీరు రాశారు. ఆ రోజు మీరు గట్టిగా అడగడానికి కారణం పర్సంటైల్ కాదు, పదింటికి రావడం. “నీది 91 కదా” అనగానే ఆ ప్రశ్న పక్కకు పోయింది. మాట్లాడాల్సింది ఆలస్యం గురించి, మాట్లాడుతున్నది మీ స్వభావం గురించి. స్కోర్లు ఇంట్లో చేసే చెడుపు ఇదే.

ఇక మీవారి టెస్ట్. ఆయన మంచి రిపోర్టు చూపించారు, మీకు చెడ్డ రిపోర్టు వచ్చింది అన్నట్టుంది మీ ఇంట్లో లెక్క. ఆ పోలికే చెల్లదు. ఎంబీటీఐకి మూలం మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం. దాన్ని చదివి కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ ఈ పరీక్షను తయారుచేశారు. మనుషుల్ని 16 రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ‘ఐఎస్‌టీజే’ లాంటి నాలుగక్షరాల పేరు పెట్టి, ప్రతి రకానికీ మంచి మాటలే రాస్తుంది. ఆందోళనను కొలిచే అంశమే అందులో లేదు. అంటే మీకు 91 వచ్చిన ఆ గుణం మీవారిలో ఎంతుందో ఆ టెస్ట్‌కు తెలియదు, అడగనేలేదు. ఇంకో లోటు కూడా ఉంది. చాలామంది స్కోర్లు మధ్యలోనే పడతాయి, అయినా గీతకు ఇటు కాస్త ఉంటే ఒక అక్షరం, అటు కాస్త ఉంటే ఇంకో అక్షరం ఇచ్చేస్తుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాసినప్పుడు అక్షరం మారిపోయేవాళ్లు కొద్దిమందేం కాదు. ఉద్యోగానికి మనుషుల్ని ఏరడానికి దీన్ని వాడొద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతుంది. ఉద్యోగానికే పనికిరానిది కాపురానికి ఎలా పనికొస్తుంది?

ఆయనకు అది అచ్చుగుద్దినట్టు తన గురించే అనిపించి ఉంటుంది. ఆ అనుభూతి ఎందుకు వస్తుందో 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త చూపించారు. 39 మంది విద్యార్థులకు టెస్ట్ పెట్టి, ఒక్కొక్కరికీ ‘మీ స్వభావ వివరణ’ అని కాగితం ఇచ్చి, ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నారు. సగటు 4 దాటింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు చాలావరకు బజారులో దొరికే జాతకాల పుస్తకంలోంచి తీసుకున్నవి. మీవారు జాతకాల మాట ఎత్తారు కాబట్టి ఇది చెబుతున్నాను, ఆయన్ని ఎగతాళి చేయడానికి కాదు. మనల్ని పొగిడే మాట మనకు నిజంగానే వినిపిస్తుంది, అందరికీ అంతే.

టైపులు కలవకపోతే కాపురాలు నిలవవన్నదానికి ఆధారం లేదు. స్వభావం రాయి మీద చెక్కింది అన్నదీ నిజం కాదు. కవలల మీద చేసిన పరిశోధనల్లో ఈ గుణాల తేడాల్లో దాదాపు సగానికి పుట్టుక కారణమని తేలింది, మిగతాది బతుకు నేర్పేదే. ఇరవైల నుంచి నడివయసుకు వచ్చేసరికి చాలామందిలో ఆందోళన తగ్గుతుంది, మంచి థెరపీతో ఇంకా ముందే తగ్గుతుంది. మీకు ఆందోళన ఎక్కువన్నది నిజమే అయినా, దానికి చేయాల్సింది ఉంది.

మీవారితో మాట్లాడండి, గొడవ మధ్యలో కాదు, ఆదివారం బాబు పడుకున్నాక. పర్సంటైల్ పాఠం ఆయనకు చెప్పకండి, అది ఇంకో వాదనకు దారి తీస్తుంది. ఇలా అనండి: “ఏవండీ, టెస్ట్ మీరు రాయమంటేనే రాశాను. అది నా సొంత విషయం. వదినకు పంపే ముందు నన్ను అడగాల్సింది, ఇక ఎవరికీ పంపకండి. గొడవలో ఆ అంకె ఎత్తితే నేను మాట్లాడను, లేచి వెళ్లిపోతాను.” ఇది బెదిరింపు కాదు, నిజంగా లేచి వెళ్లండి, ఆయన అంకె వదిలి విషయానికి వస్తే తిరిగి వచ్చి కూర్చోండి. ఆ తర్వాత మీకు కావాల్సింది స్పష్టంగా అడగండి. “మీరు నన్ను అర్థం చేసుకోరు” అంటే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. “వారంలో మూడు రాత్రులు బాబు లేస్తే మీరు చూడాలి, లేటయ్యే రోజు ఏడింటికల్లా ఫోన్ చేయాలి” అంటే చేయొచ్చు. ఆయన చెడ్డవాడని నాకు మీ ఉత్తరంలో ఎక్కడా అనిపించలేదు. ఒక అంకె దొరికాక కష్టమైన మాటలు తప్పించుకోవడం ఆయనకు తేలికైపోయింది. మాటలు దాటి చేయి చేసుకునేదాకా ఎప్పుడైనా వస్తే మాత్రం ఈ సలహా వర్తించదు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మీ ఆడపడుచుకు సంజాయిషీ ఇవ్వకండి. “సరే వదినా, డాక్టర్‌తో మాట్లాడుతున్నాను” అని ఫోన్ పెట్టేయండి, చాలు.

ఆయన ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఎవరి దగ్గరికి వెళ్లినా వాళ్ల చదువేమిటో అడగండి, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. రిపోర్టు తీసుకెళ్లాలనిపిస్తే స్క్రీన్‌షాట్ వద్దు, చిన్న భాగాలతో సహా మొత్తం ప్రింటు తీసుకెళ్లండి. రాసిన తేదీ, అప్పటికి బాబు వయసు, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో దాని పైన పెన్నుతో రాసి ఇవ్వండి.