మడమ నుంచి తీసే నెత్తురు చుక్క

అమ్మాయీ,

ప్రసూతి వార్డులో పుట్టిన పిల్లలకు థైరాయిడ్ పరీక్ష చేసే పని నీకు అప్పగించారని, అదేమంత పెద్ద పని కాదని రాశావు. సూది గుచ్చడం వరకు నువ్వన్నది నిజమే.

ఆ సంగతే ముందు చెబుతాను. బిడ్డ భూమ్మీద పడగానే, థైరాయిడ్‌ను పని చేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పెరిగి, తర్వాత దిగుతుంది. మొదటిరోజే నెత్తురు తీస్తే ఏ లోపమూ లేని బిడ్డకూ జబ్బున్నట్టు కనిపించవచ్చు. 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మేలు. మడమను కాస్త వెచ్చబరిచి, అడుగున పక్క భాగంలో గుచ్చు, నడిమధ్యన వద్దు. తుడవడానికి స్పిరిట్ వాడు. అయోడిన్ మందు చర్మంలోంచి లోపలికి దిగి థైరాయిడ్‌నే గందరగోళపెడుతుంది. మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కతో, పరీక్షకు పంపే కార్డు మీది వలయాన్ని ఒక వైపు నుంచే నింపు. మడమను పిండకు. కార్డును ఎండ తగలకుండా పరిచి మూడు నాలుగు గంటలు ఆరనివ్వు. నెలలు నిండని పిల్లలకు, బరువు తక్కువ పిల్లలకు, కవలలకు కొన్ని వారాల తర్వాత మళ్లీ తీయాలి.

కార్డు ఆరితే పని అయిపోయిందనుకునేవాళ్లను చాలామందిని చూశాను. అసలు పని అప్పుడే మొదలవుతుంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో కదా! కేసు షీటులో ఉండేది భర్త ఊరు, భర్త ఫోను నంబరు. ఫలితం వచ్చేసరికి బిడ్డ ఉండేది అమ్మమ్మగారింట్లో. అందుకని అమ్మమ్మ ఫోను నంబరు, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు అడిగి రాసుకో. నామకరణం అయ్యేదాకా బిడ్డకు పేరుండదు, కార్డు మీద పడేది తల్లి పేరే. ఒకే వార్డులో ముగ్గురు లక్ష్ములుంటే? ఆసుపత్రి నంబరు లేకుండా ఏ కార్డునూ పంపకు.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే, దాదాపు 1,130 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ హార్మోను చాలని ఈ లోపం తేలింది. పుట్టిన రెండు వారాల్లోపు మందు పడితే చాలామందిలో మెదడు మామూలుగా ఎదుగుతుంది. టీఎస్‌హెచ్ లీటరుకు 40 మిల్లీ యూనిట్లు దాటిందంటే ఆ రోజే డాక్టరుకు చెప్పి, తల్లిని బిడ్డతో సహా పిలిపించు.

ఫోను చేస్తే అమ్మమ్మ నమ్మదు. కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చిన హార్మోను వల్ల బిడ్డ మొదట్లో చక్కగానే కనిపిస్తాడు. పైగా మందకొడిగా పడుకునే పిల్లవాణ్ని చూసి "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని ఇల్లంతా మురిసిపోతుంది. వదలని పసిరికలు, మలబద్ధకం, బొంగురు ఏడుపు బయటపడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. వాళ్ల మీద విసుక్కోకు. అవసరమైతే రెండోసారి, మూడోసారి చెయ్యి.

థైరాయిడ్ హార్మోను మాత్ర వాడే తీరు నువ్వే చేసి చూపించు. చెంచాలో పొడి చేసి, కొద్దిగా తల్లిపాలలో కలిపి, రోజూ ఒకే వేళకు పట్టాలి. సీసా పాలన్నిటిలో కలిపితే బిడ్డ సగంలో వదిలేస్తాడు, మందూ సగమే పడుతుంది. ఐరన్, క్యాల్షియం చుక్కలు అదే వేళకు వేయకూడదు. బిడ్డ బాగున్నాడని వాళ్లంతట వాళ్లు మాన్పించకూడదు. కొందరిలో ఇది తాత్కాలికమే, ఆ సంగతి మూడేళ్లు నిండాక డాక్టరు తేలుస్తారు.

మందు మొదలైన రెండు వారాలకు మళ్లీ రక్తపరీక్ష ఉంటుంది. ఆ తేదీ తల్లి చీటీలోనే కాక నీ పుస్తకంలోనూ రాసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ