పరిమళం – ప్రశ్నలు, జవాబులు: అగరు నూనెను సాయంత్రానికి తూచండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఊద్, అంటే అగరు నూనె, గురించే ఉన్నాయి. గల్ఫ్ నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లో ఖర్జూరాలతో పాటు ఈ చిన్న సీసాలు కూడా విశాఖకు చేరుతున్నాయి. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు, అందులోనూ ఏళ్లుగా రోజూ అగరు నూనె పూసుకునే నాకు, ఇంతకంటే ఇష్టమైన ప్రశ్నలు ఉండవు. అందుకే ఈ నెల మిగతా సంగతులన్నీ పక్కన పెట్టాను.

ప్రశ్న: దుబాయ్‌లో ఉండే మా తమ్ముడు మూడు ఊద్ సీసాలు పంపాడు. ఒకదాని మీద హిందీ, ఒకదాని మీద కాంబోడీ, మూడోదాని మీద బోర్నియో అని ఉంది. ఒక్కొక్కటి పావు తులం. హిందీ సీసా మూత తీయగానే పశువుల పాక వాసన వచ్చింది. మా అత్తగారు దాన్ని ఇంట్లో ఉంచవద్దంటున్నారు. అది పాడైపోయిందా? రోజూ వాడుకోవడానికి మూడింటిలో ఏది మంచిది?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: పాడవలేదమ్మా. హిందీ అంటే మన దేశపు ఊద్, అసోం పద్ధతిలో తీసిన ఆ నూనె మొదట అలాగే ఉంటుంది. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని చెక్క తెల్లగా, తేలిగ్గా, వాసన లేకుండా ఉంటుంది. పురుగు తొలిచో, కొమ్మ విరిగో గాయమై, ఆ గాయంలోకి శిలీంధ్రం చేరినప్పుడు చెట్టు తనను కాపాడుకోవడానికి ముదురు రంగు జిగురు పదార్థాన్ని ఊరుస్తుంది. ఏళ్ల తరబడి అది పట్టిన చెక్కే అగరు. దాన్ని చిన్న ముక్కలుగా కొట్టి, నీళ్లలో నానబెట్టి, బట్టీ పెట్టి నూనె తీస్తారు. అసోంలో ఈ వ్యాపారానికి పేరున్న ఊరు హోజాయి. అక్కడి పద్ధతిలో నానబెట్టడం రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి సాగుతుంది. చెక్క పులుస్తుంది. మీ అత్తగారికి తగిలిన పాక వాసన ఆ పులుపు నుంచి వచ్చిందే. గల్ఫ్‌లో ఆ వాసన కోసమే హిందీ ఊద్‌ను వెతికి కొనేవాళ్లున్నారు.

కాంబోడీ రకం అలా బెదిరించదు. ఎండు రేగుపళ్లు, అంజూరం, కాస్త మాడిన బెల్లం గుర్తుకు వచ్చే తీపి వాసన దానిది. మొదటిసారి ఊద్ చూసేవాళ్లు ఎక్కువగా దాన్నే ఇష్టపడతారు. అయితే కాంబోడీ పేరుతో అమ్మేదంతా కంబోడియాలో పుట్టింది కాదు. థాయిలాండ్ తోటల చెక్క నుంచి తీసిన నూనెలు కూడా ఆ పేరుతోనే వస్తాయి. బోర్నియో నూనె తేలికైనది. కర్పూరం చల్లదనం, పచ్చి చెక్క, అడుగున సన్నని తీపి. సీసా దగ్గర అది బలహీనంగా అనిపిస్తుంది, అందుకే చాలామంది దాన్ని తక్కువగా అంచనా వేస్తారు.

ఇక పోల్చడం. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి తీర్పు చెప్పకండి. చేపల పులుసు పొయ్యి మీద ఉన్నప్పుడు ఒక రుచి, మర్నాటికి ఇంకో రుచి అని మనకు తెలుసు కదా, ఈ నూనెలూ అంతే. పూసిన వెంటనే తేలికైన అణువులు ఎగిరిపోతాయి. సెస్క్విటెర్పీన్లు అనే బరువైన అణువులు ఒంటి వేడికి నిదానంగా బయటికి వస్తాయి. అసలు పరిమళం అదే. మీ హిందీ నూనె ఒక గంటకు పాక వాసన తగ్గి తోలు, ఎండుగడ్డి, పొగ వైపు తిరుగుతుంది. మధ్యాహ్నం దాటాక కమ్మని పాత చెక్క వాసన మిగులుతుంది. ఆ దశలో మీ ముంజేయి అత్తగారికి చూపించండి, ఏ సీసా అన్నది మాత్రం చెప్పకండి.

నా పద్ధతి ఇది. వాసన లేని సబ్బుతో స్నానం చేసిన రోజున, తలలో మల్లెలు లేని రోజున, ఎడమ ముంజేతి లోపలివైపు ఒకటి, కుడి ముంజేతికి ఇంకొకటి, గాజు పుల్లతో ఒక్క చుక్క తాకిస్తాను. రోజుకు రెండింటికి మించి వద్దు. మూడోది వచ్చేసరికి ముక్కు అలసి అన్నీ ఒకేలా తోస్తాయి. వాసన విరామానికి కాఫీ గింజలు పట్టుకోమని కొందరు చెబుతారు, మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం. పూసిన వెంటనే, పావుగంటకు, రెండు గంటలకు, దీపాలు పెట్టే వేళకు ఏమనిపించిందో నోటు పుస్తకంలో రాసుకుంటాను. మరో రోజు చేతులు మారుస్తాను. సీసాల మీద పేర్లు కనబడకుండా కాగితం అంటించి మా అమ్మాయి చేత అంకెలు వేయిస్తాను. ఇది అన్నిటికంటే ముఖ్యం. పేరు, దేశం, ధర తెలిస్తే ముక్కు వాటికి లొంగిపోతుంది. ఈ పరీక్ష బీచ్ రోడ్డులో చేయవద్దు, ఆ గాలికి దగ్గరి వాసన కూడా అందదు. ఏసీ గదిలోనూ వద్దు. ఫ్యాను తక్కువలో పెట్టుకుని ఇంట్లోనే కూర్చోండి.

మూడింటిలో ఏది అంటే, మన ఊరి గాలిని బట్టి చెబుతాను. విశాఖలో చెమట ఆరదు. మే నెలలో ఒంటి వేడి నూనెను ఒక్కసారిగా పైకి లేపుతుంది, తీపి వాసనలు అప్పుడు గొంతు పట్టుకున్నట్టు ఉంటాయి. కాబట్టి వేసవిలో, వానాకాలపు ఉక్కలో బోర్నియో. కాంబోడీని సాయంత్రాలకు, పేరంటాలకు ఉంచుకోండి. హిందీని డిసెంబరు, జనవరి ఉదయాల్లో పూసుకుని చూడండి. నాకైతే వాటన్నిటిలో హిందీయే ప్రాణం. కానీ రోజువారీకి మొదటి సీసాగా మీకు బోర్నియో ఇస్తాను.

ప్రశ్న: నేను బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చుంటాను. ఊద్ ఇష్టం, కానీ పక్కవాళ్లకు ఇబ్బంది అవుతుందేమోనని భయం. ఎంత పూసుకోవాలి? మధ్యాహ్నానికి నాకు వాసన తెలియడం లేదు, మళ్లీ పూసుకోవచ్చా?
– ఒక ఉద్యోగి, ద్వారకానగర్

జవాబు: మళ్లీ పూసుకోవద్దు బాబూ. వాసన పోలేదు, మీ ముక్కు దానికి అలవాటు పడింది. ఎదుటివాళ్లకు ఇంకా తెలుస్తూనే ఉంటుంది. అనుమానం ఉంటే ఇంటి నుంచి కాకుండా బయటి నుంచి వచ్చిన మనిషిని అడగండి.

పుల్లను సీసా మూతికి తుడిచి, మిగిలిన తడిని మాత్రం ఒక్కచోట తాకించండి. చొక్కా లోపల ఛాతీ మీద గానీ, మెడ వెనక గానీ. మణికట్టు వద్దు. నోట్లు, కాగితాలు, కంప్యూటర్ అన్నిటికీ అంటుతుంది. బయలుదేరడానికి అరగంట, ముప్పావుగంట ముందే పూసుకుంటే మొదటి ఘాటు ఇంట్లోనే పోతుంది. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకునే పాత అలవాటు చాలా అందమైనది, కానీ మూసిన ఏసీ హాలుకు అది ఎక్కువ. పక్క సీటులో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే ఆఫీసుకు అసలు పూసుకోకండి. మొదటిసారి వాడే నూనె ఏదైనా ముంజేతి మీద కొద్దిగా రాసి ఒక రోజు ఆగి, దద్దురు రాలేదని చూసుకోండి. సహజమైనది కాబట్టి ఒంటికి పడుతుందన్న నియమమేమీ లేదు.

ప్రశ్న: పాత నగరంలో ఒక దుకాణంలో 'ప్యూర్ ఊద్' అని 12 మిల్లీలీటర్ల సీసా 300 రూపాయలకు ఇచ్చారు. వాసన బాగానే ఉంది. అసలుదేనా? నీళ్లలో వేసి చూస్తే తెలుస్తుందని అంటున్నారు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ ధరకు స్వచ్ఛమైన అగరు నూనె రాదు. జిగురు పట్టిన చెక్క ఖరీదైనది, కిలో చెక్కకు దిగే నూనె కొద్ది గ్రాములే. తులం, అంటే 11.66 గ్రాములు, వేల రూపాయల దగ్గర మొదలై లక్షల దాకా పోతుంది. మీరు కొన్నది ప్రయోగశాలలో కూర్చిన ఊద్ వాసనకు పలచని నూనె కలిపినది అయి ఉంటుంది. మీకు నచ్చితే హాయిగా వాడుకోండి, అందులో చిన్నతనం లేదు. నాకు అభ్యంతరమల్లా సీసా మీద ఆ 'ప్యూర్' అన్న మాటకే.

నీటి పరీక్ష, నిప్పు పరీక్ష, కాగితం మీద మరక పరీక్ష, వీటితో ఏదీ తేలదు. బరువైన నూనెలన్నీ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. నూనెలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ప్రయోగశాల పరీక్ష చేయిస్తే తెలుస్తుంది గానీ, పావు తులం కోసం ఎవరు చేయిస్తారు? మనకు అందుబాటులో ఉన్నది కాలం ఒక్కటే. ఉదయం ఎలా ఉందో సాయంత్రం కూడా అచ్చం అలాగే, ఒకే గీత మీద నిలిచిన వాసన అయితే అది కూర్చినది కావచ్చు. సహజమైన నూనె మెట్టు మెట్టుగా మారుతుంది. ఇది కూడా నూటికి నూరుపాళ్లు తిరుగులేని గుర్తు కాదు, తెలివిగా కలిపినవి నన్ను కూడా సందేహంలో పెడతాయి. అందుకే అమ్మేవాళ్లను అడగండి: ఏ ఊరి చెక్క, అడవిదా తోటదా, ఏ సంవత్సరం తీసింది? ముంజేతికి ఒక చుక్క పూయించుకుని, డబ్బు ఇవ్వకుండా ఇంటికి వెళ్లండి. పూర్ణా మార్కెట్లో సరుకులు కొనుక్కుని, భోజనం చేసి, సాయంత్రం ఆ చేయి మళ్లీ చూసుకోండి. మంచి అత్తరు వ్యాపారి దీనికి నొచ్చుకోడు.

ఇంకో మాట. సీసా మీద 'ముఖల్లత్' అని ఉంటే అది ఊద్‌తో పాటు గులాబీ, కుంకుమపువ్వు వంటివి కలిపిన మిశ్రమం. కన్నౌజ్ సంప్రదాయ అత్తర్లలో పూల ఆవిరిని చందనం నూనెలో పట్టి దింపుతారు. ఇవి మోసం కావు, వేరే వస్తువులు.

ప్రశ్న: ఊద్ పూసుకుని సింహాచలం వెళ్తే పక్కింటావిడ "అది సాయిబుల అత్తరు, గుడికి ఎందుకు?" అన్నారు. నేను శాకాహారిని కూడా. ఇందులో జంతువుల పదార్థం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: స్వచ్ఛమైన అగరు నూనె పూర్తిగా చెట్టుదే. మిశ్రమాల్లో మాత్రం కస్తూరి, జవ్వాది వంటివి కలిపే ఆచారం ఉంది, కాబట్టి అడిగి కొనండి.

మీ పక్కింటావిడకు ప్రేమగానే చెప్పండి. అరబ్బు దేశాలు ఈ పరిమళాన్ని గుండెలో పెట్టుకున్న మాట నిజం, అందుకు వాళ్లకు రుణపడి ఉండాలి. అలాగే ఇది మన పూర్వీకుల ఇళ్లలోనిది కూడా. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఖజానాకు చేర్చదగిన వస్తువులను పరీక్షించే అధ్యాయంలో చందనం తరవాత అగరు వస్తుంది. మంచి అగరు బరువుగా, జిడ్డుగా ఉండాలి, పరిమళం దూరం వ్యాపించాలి, నిప్పుకు ఓర్చుకోవాలి, నలిపినా వాసన పోకూడదు అని అక్కడ రాసి ఉంది. నేను సాయంత్రం దాకా ఆగమంటున్నది ఈ చివరి గుణం కోసమే. హర్షుడికి కామరూప రాజు పంపిన కానుకల్లో నల్ల అగరు నూనె ఉన్నట్టు బాణుడు వర్ణించాడు. కామరూపమంటే నేటి అసోం. మీ తమ్ముళ్లూ మరుదులూ దుబాయ్‌లో కొంటున్న హిందీ ఊద్ పుట్టిల్లు అదే.

ఏడాది పొడవునా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపే స్వామి కొండ మనది. ఆ కొండ కింద పెరిగిన ముక్కు మంచి చెక్క వాసనను పరాయిదని ఎందుకు అనుకోవాలి? అయితే క్యూలో మనుషులు ఒత్తుకుని నిలబడతారు, ఆ రోజు మరీ కొద్దిగా పూసుకోండి.

ప్రశ్న: అగరు తోట వేస్తే కోట్లు వస్తాయని మొక్కలు అమ్ముతున్నారు. ఆనందపురం దగ్గర మాకు ఎకరం ఉంది.
– ఒక రైతు

జవాబు: వ్యవసాయం నా విషయం కాదు, నూనె వైపు నుంచి ఒక్కటి చెబుతాను. చెట్టు పెరగడం వేరు, అగరు పట్టడం వేరు. తోటల్లో కాండానికి రంధ్రాలు చేసి శిలీంధ్రం ఎక్కించాలి, అయినా అన్ని చెట్లలో ఒకేలా పట్టదు. మొక్కలు అమ్మేవాళ్లను, ఈ పాటికే కోసిన తోట చూపించమనండి, ఆ చెక్క ఎవరు కొన్నారో చెప్పమనండి. ఎగుమతికి అనుమతులు కూడా కావాలి. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. అసోం అగరు జాతి 1995లోనే దాని రెండో అనుబంధంలో చేరింది, 2005 నుంచి అగరు జాతులన్నీ అందులో ఉన్నాయి. అడవుల్లో ఆ చెట్టు అంతరించే దశకు వచ్చింది. నేను తోట చెక్క నూనెనే కొంటాను, చదివే వాళ్లందరినీ అదే చేయమని కోరుతున్నాను.

ప్రశ్న: తెల్ల లాల్చీ మీద ఊద్ మరక పడింది. ఎలా పోతుంది? సీసా ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: వెంటనే అంట్లు తోమే ద్రవ సబ్బు రాసి కాసేపు ఉంచి గోరువెచ్చని నీళ్లతో ఉతకండి. పాతబడిన మరక పూర్తిగా పోవడం కష్టం. ముదురు రంగు నూనెను తెల్ల బట్టకు ఎప్పుడూ పూయకండి, ఒంటికి పూసి ఆరాక బట్ట వేసుకోండి. సీసాను బీరువాలో, వెలుతురు తగలని చోట, మూత బిగించి నిలబెట్టి ఉంచండి. రబ్బరు డ్రాపరు ఉంటే తీసేసి గాజు పుల్ల మూత పెట్టండి, నూనెకు రబ్బరు మెత్తబడి వాసన చెడుతుంది. చలికాలంలో నూనె గట్టిపడితే కంగారు పడకండి, సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుంటే మళ్లీ కదులుతుంది.